కారు కింద ఎర్ర మరక

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక పాత కారు, ఒక ప్లాస్టిక్ డబ్బా, ఒక ముసలి మూర్ఖుడు ఉన్నారు. కారుకీ డబ్బాకీ ఏ హానీ జరగదు. మూర్ఖుడు మాత్రం నిలువునా మునిగిపోతాడు, అదీ నలుగురి ముందు, పట్టపగలు. అతనెవరో వేరే చెప్పక్కర్లేదు. ఈ వంకర అక్షరాలు రాస్తున్న చెయ్యి అతనిదే. నవ్వాలనిపిస్తే నవ్వండి. జాలి మాత్రం పడకండి, జాలి నాకు అరగదు.

మా తాత విశాఖపట్నంలో ఓడెక్కి సింగపూర్‌లో దిగినవాడు. మా నాన్న తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోశాడు. నేను తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో హైడ్రాలిక్ మెకానిక్‌గా బతికాను. బడికి పోవాల్సిన వయసులో పనికి పోయాను కాబట్టి రిటైరయ్యేదాకా నాకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఇప్పుడిలా రాస్తున్నానంటే మనవరాలి తెలుగు క్లాసుకి తోడు వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని, దానికంటే ముందే నేర్చేసుకున్నాను. అది ఇంకా ఒప్పుకోవడం లేదు.

అక్షరం రాకుండా యార్డులో ఎలా నెగ్గుకొచ్చావని అడుగుతారేమో. రంగులతో. ఎర్రగా ఉంటే హైడ్రాలిక్ నూనె. తేనెరంగులో ఉంటే ఇంజిన్ నూనె. పచ్చగా ఉంటే రేడియేటర్‌లో పోసేది. డబ్బా మీద ఏం రాసుందో నాకు అక్కర్లేదు, మూత తీసి రంగు చూసి, వాసన చూసి చెప్పేవాణ్ణి. పోనుపోను ఓడలకు కొట్టే రంగుల ఘాటుకి ముక్కు చచ్చిపోయింది. వంటింట్లో చేపలు మాడిపోతుంటే పక్కగదిలో కూర్చుని "కూర పొయ్యెక్కిందా?" అని అడిగే ముక్కు నాది. ఇక మిగిలింది రంగొక్కటే. రంగు నన్నెప్పుడూ మోసం చెయ్యదని కాఫీ తాగే చోటల్లా చెప్పుకు తిరిగేవాణ్ణి. నోరు మూసుకుని కాఫీ తాగి ఉంటే బాగుండేది.

నేను రిటైరైన ఏడాదే మా యార్డులో జపాను ఇంజినీరు ఒకాయన స్వదేశానికి వెళ్ళిపోతూ తన పాత స్పోర్ట్స్ కారు నాకు అమ్మేశాడు. నీలం రంగుది. రెండే సీట్లు. పైకప్పు మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. ముక్కు పొడుగు, నడుం సన్నం, పొట్ట నేలకి ఆనుతుందేమో అన్నంత కిందకి ఉంటుంది. అందులో కూర్చోవడమంటే నూతిలోకి దిగడం. బయటికి రావడమంటే నూతిలోంచి ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగడం.

మా ఆవిడ నూకరత్నం దాన్ని మొదటిసారి చూసినప్పుడు చుట్టూ తిరిగి వచ్చి, "కూరగాయల సంచీ ఎక్కడ పెడతావు మావా?" అంది.

"నీ ఒళ్ళో."

"బియ్యం బస్తా?"

"అదీ నీ ఒళ్ళోనే."

"అయితే ఇది కారు కాదు. సక్రాలున్న కుర్సీ."

ఆ రోజునుంచి దానికి "సిన్నిల్లు" అని పేరు పెట్టింది. సాయంత్రం నేను తాళాలు తీసుకుంటే చాలు, "సిన్నిల్లు కాడికి ఎల్తన్నావా? బేగి వచ్చీ, అన్నం సల్లారిపోతాది" అనేది. పక్కింటివాళ్ళ ముందు కూడా అనేది. వాళ్ళు అప్పట్లో కొత్తగా హైదరాబాదు నుంచి వచ్చిన కంప్యూటర్ ఉద్యోగులు, మంచి కుటుంబం. నావంక అదోలా చూసేవారు.

ఇక అసలు సంగతి. ఒకరోజు కారు బయటికి తీద్దామని స్టీరింగ్ తిప్పితే ఈనబోయే గేదెలా మూలిగింది. దిగి వంగి చూస్తే ముందు కుడి చక్రం దగ్గర నేల మీద ఎర్రటి మరక. బానెట్ ఎత్తాను. స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి ఎర్ర నూనె వాడతారు, ఆ నూనె నిలవుండే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇంజిన్ పక్కన ఉంటుంది. ఆ డబ్బా అతుకు దగ్గర పగిలింది. మనిషి పెదవి పగిలినట్టు సన్నగా పగిలి, అందులోంచి నూనె ఊరుతోంది.

ఇక్కడ పాత కారు ఉంచుకోవాలంటే ఏటేటా తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళి చూపించాలి. నూనె కారుతుంటే పాస్ చెయ్యరు. మా కారు తనిఖీ ఇంకో నెలలో ఉంది. ఆ ఆదివారం మా అమ్మాయి సునీత ఇంటికొచ్చింది. బ్యాంకులో పని చేస్తుంది, ఏ మాటైనా తేల్చి ముద్ర వేసినట్టు, ఇక్కడివాళ్ళందరిలా చివర ఒక "లా" తగిలించి చెబుతుంది.

"డాడీ, వర్క్‌షాప్‌కి ఇచ్చెయ్యొచ్చు గదా."

"వర్క్‌షాపా? ఓడల చుక్కానులు తిప్పే యంత్రాలు బాగుచేసిన చెయ్యి ఇది."

"షిప్ వేరే, కార్ వేరే లా."

"నూనె ఒకటేనమ్మా."

"ఓకే. ఈసారి ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైతే స్క్రాప్. నో మోర్ డ్రామా. ప్రామిస్?"

"ఫెయిలైతే నా చేత్తో నేనే తోలుకెళ్ళి తుక్కుకి ఇచ్చేస్తాను."

"అమ్మా, నువ్వు విట్నెస్."

రత్నం బెండకాయలు తరుగుతూ "ఊఁ" అంది. ఆ ఊఁలో నాకు సంబరం వినిపించింది. చిన్నిల్లు ఖాళీ అవుతుందన్న సంబరం. ఆ క్షణమే నా పంతం మా పేటలో స్తంభాల మీద కట్టిన బూన్ లే రైలు స్టేషన్ అంత ఎత్తుకి లేచింది.

మా బ్లాక్ కార్‌పార్కులో రిపేర్లు చెయ్యరాదని నాలుగు భాషల్లో బోర్డుంది. అప్పట్లో నాకు ఆ నాలుగూ చదవడం రాదు. తెలుగులో కూడా రాసి పెట్టుంటే? అదీ వచ్చేది కాదు. కాబట్టి మనశ్శాంతిగా పని మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం యార్డు పద్ధతి. పగులు మీద ఎపాక్సీ ముద్ద కలిపి చపాతీ పిండిలా ఒత్తాను. ఓడ పైపు మీదైతే అది రాయిలా నిలబడేది. ఈ డబ్బా ప్లాస్టిక్ కావడంవల్ల మర్నాటికి ఆ ముద్ద ఎండిన పుండు మీది పెచ్చులా ఊడి నా చేతిలోకొచ్చింది. సరే, డబ్బా మార్చాల్సిందే. మార్చాలంటే ముందు పాత నూనె తోడాలి. తోడటానికి ఇంట్లోంచి గరిటె తెచ్చాను. నలకలున్నాయేమో చూద్దామని వడగట్టడానికి ఇంకోటి కూడా తెచ్చాను.

"మావా, నా టీ జాలీ ఏది?"

"ఏ జాలీ?"

"నాకున్నది ఒకటే."

"కడిగి ఇస్తానే."

"కడగడమేటి? దేంట్లో ముంచినావు?"

"నూనెలో. నువ్వు రోజూ వండేది కూడా నూనెతోనే గదా."

ఆ తరవాత కొన్నాళ్ళు నా టీలో ఆకు మొత్తం అలాగే వచ్చింది. నములుతూ తాగాను.

డబ్బా కోసం ఆ సెంగ్ అనే చైనావాడి దగ్గరికి వెళ్ళాను, "ఆ"తో కలిపే అతని పేరు. మా ఇంటికి దగ్గర్లోనే ఫ్యాక్టరీల సందులో అతనికి పాత కారు సామాన్ల షాపుంది. నా వయసువాడే. అతని మాటల్లో సగం మలాయ్, సగం ఇంగ్లీషు, మధ్యలో దగ్గు. మీకోసం దగ్గు తీసేసి తెలుగులో చెబుతున్నాను.

"ఈ కారుకి సరిపోయే డబ్బా ఉందా?"

"ఉంది. వాడినదే, కానీ గట్టిది."

"కారదు గదా?"

"నా డబ్బాలు కారవు లా. కారేది నా కప్పు ఒక్కటే, వానొస్తే."

ఆ డబ్బా బిగించాను. రబ్బరు పైపులకు కొత్త క్లిప్పులు వేశాను. ఎర్ర నూనె నింపి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి గాలి పోగొట్టాను. స్టీరింగ్ ఇప్పుడు పెరుగులో గరిటె తిప్పినట్టు తిరిగింది. కింద చూస్తే పొడి. బ్లాకులో వాళ్ళు నలుగురు పోగయ్యారు. హైదరాబాదు పక్కింటబ్బాయి, "అంకుల్, మీరే చేశారా?" అన్నాడు. నేను బానెట్‌కి ఆనుకుని వాళ్ళకి హైడ్రాలిక్స్ గురించి ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళకి ఏమర్థమైందో నాకు తెలియదు. నాకే సగం అర్థం కాలేదు.

నిజానికి కథ అక్కడితో అయిపోయింది. కారు బాగైపోయింది. మీరు పుస్తకం మూసేసి పడుకోవచ్చు. నన్ను పడుకోనివ్వనిది మర్నాడు పొద్దున నేను చూసిన దృశ్యం.

ముందు కుడి చక్రం దగ్గర, నేల మీద, ఎర్రటి మరక.

ఎర్రగా ఉంటే హైడ్రాలిక్ నూనె. నా జీవితం మొత్తం ఆ ఒక్క సూత్రం మీద నడిచింది. అయినా వేలు పెట్టి చూశాను, అనుమానం వద్దని. జిడ్డుగానే ఉంది. మొదట్లో నిజంగా కారినప్పుడు ఆ నేల బాగా నూనె తాగింది, జిడ్డుగా కాక ఇంకెలా ఉంటుంది? ఆ మాట తట్టలేదు. వాసన చూద్దామంటే ముక్కు లేదు. క్లిప్పులు ఇంకా బిగించాను. నేను బిగించానంటే యార్డు బిగింపు, పాపం క్లిప్పు కళ్ళు తేలేసింది.

మర్నాడు మళ్ళీ మరక.

ఆ సెంగ్ దగ్గరికి వెళ్ళాను. "నీ డబ్బా కారుతోంది."

"నా డబ్బా కారదు."

"నేల మీద మరకుంది."

"అయితే నేల కారుతోంది."

"పరాచికాలొద్దు. పైపులు కూడా ఇయ్యి."

పైపులు మార్చాను. మరక వచ్చింది. వాషర్లు మార్చాను. మరక వచ్చింది. రోజూ పొద్దున లేచి, ముఖమైనా కడుక్కోకుండా టార్చి పట్టుకుని కార్‌పార్కుకి పరిగెత్తడం, కారు కింద పడుకుని పైకి చూడటం, ఎక్కణ్ణుంచి కారుతోందో కనపడక లేవడం. కారింది కదా అని డబ్బాలో పైనుంచి నూనె పోసేవాణ్ణి. లోపల ఎంతుందో చూసేవాణ్ణి కాదు. పొద్దున నేల మీద అంత పోతే లోపల తగ్గకుండా ఉంటుందా? ఆలోచించేవాడు చూస్తాడు. నేను ఆలోచించలేదు, పోశాను. అలా గొంతు దాకా నింపిన నూనె ఇంజిన్ వేడికి పొంగి మూత పక్కనుంచి నిజంగానే బయటికొచ్చేది. బానెట్ ఎత్తితే డబ్బా మూత చుట్టూ ఎరుపు. "దొరికావురా దొంగా" అనుకునేవాణ్ణి.

ఒకరోజు తెలివి చేశాను. సూపర్‌మార్కెట్ నుంచి పెద్ద అట్టపెట్టె తెచ్చి, విప్పి, కారు కింద పరిచాను. ఎక్కడ చుక్క పడితే సరిగ్గా దాని పైన లీకు ఉందని అర్థం. యార్డులో చేసేదే. మర్నాడు చూస్తే చుక్క కాదు, అట్ట సగం ఎర్రగా నానిపోయి, ఉబ్బి, అప్పడంలా లేచింది.

ఇక్కడ కొంచెం ఆగండి. నూనెలో తడిసిన అట్ట ఉబ్బదు. నీళ్ళలో తడిసిందే ఉబ్బుతుంది. బజ్జీలు కట్టించుకున్న కాగితాన్ని చూసిన ఏ మనిషికైనా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. కానీ ఆ నిమిషాన నా తలకాయ కూడా అట్టలాగే ఉబ్బి ఉంది. నేననుకున్నది ఒక్కటే, లీకు పెద్దదైంది.

నేరుగా ఆ సెంగ్ షాపుకి వెళ్ళి, కొనడానికి వచ్చినవాళ్ళ ముందే, "నువ్వు దొంగ సరుకు అమ్ముతున్నావు" అన్నాను.

ఆ సెంగ్ నావంక కాసేపు చూశాడు. దగ్గలేదు కూడా. లోపలికి వెళ్ళి అట్టపెట్టెలోంచి కొత్త డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది కంపెనీ నుంచి వచ్చింది. ఎవరూ వాడలేదు. ఇది కూడా కారితే నేను షాపు మూసేసి వచ్చి రోజూ నీ కారు కడుగుతాను."

కొత్త డబ్బా బిగించాను. మర్నాడు మరక మరీ పెద్దగా ఉంది.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. రత్నం ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"ఏటి మావా, మెతుకులు కెలుకుతున్నావు?"

"మళ్ళీ కారిందే."

"కొత్త డబ్బా ఏసినాక కూడానా? శానా?"

"నిన్నటికంటే శానా."

ఆమె ముఖం వాడిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంతోషం దాచుకోలేక వెళ్ళిందనుకున్నాను. చూశారా నా బుద్ధి.

తనిఖీ రోజు వచ్చింది. పొద్దున కారు కింద ఉన్న మరక గుడ్డతో తుడిచి, డబ్బా మూతకి గుడ్డ చుట్టి, చేతనైనంత ముస్తాబు చేశాను. దారి పొడుగునా పొడిగా ఉంటే చాలు, ఆ కాసేపు కారకుండా ఉంటే చాలు అని మనసులో మొక్కుకుంటున్నాను. ఏ దేవుడికని అడక్కండి, ఎవరు దొరికితే వాళ్ళకి.

"నానూ వస్తాను" అంది రత్నం.

ఆవిడ అప్పటిదాకా ఆ కారు ఎక్కింది తక్కువ. నా ఓటమి కళ్ళారా చూడటానికి వస్తోందనుకున్నాను. చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంది. టీ కాబోలనుకున్నాను. ఓడిపోయినవాడికి టీ ఇచ్చే మనసైనా ఉంది పోనీలే అనుకున్నాను.

తనిఖీ కేంద్రంలో కార్లు వరసగా నిలబడ్డాయి. "నువ్వెల్లి నెంబరు తెచ్చుకో మావా, నానీడ ఉంటాను" అంది. నేను కౌంటర్‌కి వెళ్ళి వచ్చేసరికి ఆమె దూరంగా బెంచీ మీద కూర్చునుంది, మా కారుకి వీపు పెట్టి, గోడవంక చూస్తూ. కారు పక్కన తనిఖీ చేసే కుర్రాడు టార్చి పట్టుకుని వంగి ఉన్నాడు. మలాయ్ అబ్బాయి, చొక్కా మీద పేరుంది. అప్పటికి నాకు చదవడం రాదు కాబట్టి అడిగి తెలుసుకున్నాను, హకీమ్.

"అంకుల్, ఇది లీక్ లా."

వంగి చూశాను. ముందు కుడి చక్రం దగ్గర చుక్క కాదు, మరక కాదు, మడుగు. చెంబెడు ఉంటుంది. ఇంకా పారుతోంది.

డబ్బా మొత్తం ఖాళీ అయిపోయిందనుకున్నాను. కళ్ళ ముందు తుక్కు యార్డు కనిపించింది. నీలం కారుని క్రేను ఎత్తి నలిపేస్తుంటే సునీత పక్కన నిలబడి "ప్రామిస్ ఈజ్ ప్రామిస్, డాడీ" అంటున్నట్టు వినిపించింది.

"బాబూ, ఇది నిన్నటిదాకా ఇంత లేదు" అన్నాను. "డబ్బా కొత్తది. పైపులు కొత్తవి. నేను యార్డులో ఇదే పని చేసి బతికాను. ఒక్కసారి మూత బిగించనియ్యి."

"రూలు అంకుల్. నూనె కారితే పాస్ చెయ్యలేను. సారీ లా."

అంటూనే మడుగులో వేలు ముంచాడు. వేళ్ళ మధ్య రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నా ముఖంలోకి చూశాడు.

"అంకుల్, నీ స్టీరింగ్‌లో ఏం పోస్తున్నావు?"

"ఎర్ర నూనె."

"ఇది కున్యిత్ వాసన వస్తోంది."

కున్యిత్ అంటే మలాయ్‌లో పసుపు.

"కారులో పసుపెందుకుంటుంది బాబూ?"

"నేనూ అదే అడుగుతున్నాను. చేపలు వేయించే ముందు మా అమ్మ రాసేది ఇదే." వేలు నావైపు చాపాడు. "చూడు. జిడ్డు కూడా లేదు. నీళ్ళు."

బానెట్ ఎత్తించాడు. టార్చి వేసి డబ్బా, పైపులు, క్లిప్పులు, పంపు అన్నీ తడిమి చూశాడు. "అంతా పొడిగా ఉంది. కానీ డబ్బాలో గీత దాటి ఇంత నింపావేంటి అంకుల్? ఇది లీకు కాదు, పొంగు."

నా తల మెల్లగా, మా యార్డు క్రేను తిరిగినట్టు, బెంచీ వైపు తిరిగింది. రత్నం ఇంకా గోడనే చూస్తోంది. ఒళ్ళో ఫ్లాస్కు. మూత తీసి ఉంది.

"ఒలే రత్నం."

"ఊఁ."

"ఇటు తిరుగు."

"తిరక్కూడదు."

"ఎందుకు?"

"దిష్టి తీసి పోసినాక ఎనక్కి తిరిగి సూడకూడదు. సూస్తే మళ్ళీ అంటుకుంటాది."

మన ఇళ్ళలో ఎర్రనీళ్ళు తెలియనివాళ్ళు ఉండరు. నీళ్ళలో పసుపు వేసి, సున్నం కలిపితే రక్తంలా ఎర్రబడతాయి. దిష్టి తగిలినవాళ్ళ చుట్టూ మూడుసార్లు తిప్పి బయట పారబోస్తారు. నా చిన్నప్పుడు మా అమ్మ నాకు ఎన్నిసార్లు తీసిందో లెక్కలేదు. ఆ రంగు నాకు తెలియక కాదు. అదే రంగు నూనె యార్డులో జీవితమంతా చూసి చూసి, ఇంట్లో ఆ రంగు ఉంటుందన్న మాటే మర్చిపోయాను.

ఆవిడ గోడతో మాట్లాడుతోంది. నేను ఆవిడ వీపుతో మాట్లాడుతున్నాను. హకీమ్ మధ్యలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎన్నాళ్ళనుంచే ఇది?"

"నువ్వు మొదటి డబ్బా మార్చినావు సూడు, ఆ సాయంత్రం నుంచి. బాగైనాది గదా, మళ్ళీ పాడవకుండా అని. నువ్వు కాఫీకి ఎల్లినాక తీసీదాన్ని."

"పోస్తే పోశావు, చక్రం కిందే ఎందుకు పోశావే?"

"ఆ నీళ్ళు ఎవులూ తొక్కకూడదు మావా. కారు కిందైతే ఎవులు తొక్కుతారు, నువ్వు తప్ప?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు గదా."

"సెప్తే పనిసెయ్యదు. పైగా దిష్టంటే నువ్వు నవ్వుతావు."

"మరి నేను రోజూ కారుతోంది, కారుతోంది అని ఏడుస్తుంటే?"

"దిష్టి గట్టిది కాబోలనుకున్నాను. తేక్కా బజారు నుంచి ఇంకా సున్నం తెచ్చి, పెద్ద సెంబుతో పోసినాను."

అదండీ సంగతి. మరక చూసి నేను దిగులు పడటం, నా దిగులు చూసి ఆవిడ ఇంకా పొయ్యడం, అది చూసి నేను ఇంకా దిగులు పడటం. ఆవిడ వెనక్కి తిరిగి చూడదు కాబట్టి తన మరక తనకి తెలియదు. నేను ముందుకి చూస్తూ కూడా నాకు తెలియదు.

"మరి ఆ అట్ట?" అన్నాను, ఇంకా పరువు మిగిలిందేమో అన్న ఆశతో.

"నేల పాడవకుండా దాని మీద పోసుకోమని నువ్వే పరిచినావనుకున్నాను. పైకి నవ్వినా, లోపల నమ్మకముంది మా మావకి అనుకున్నాను."

ఇదంతా మలాయ్‌లో చెప్పమని హకీమ్ అడిగాడు. చెప్పాను. సగంలోనే అతను మా కారు బానెట్ పట్టుకుని నేల మీద కూలబడి నవ్వాడు. పక్క వరసలో వాళ్ళు కూడా వచ్చి కథ చెప్పించుకుని వెళ్ళారు.

"పసుపు కారితే ఫెయిల్ చెయ్యమని మాకు రూల్లేదు అంకుల్" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "పాస్. కానీ ఆ నేల కడిగి వెళ్ళాలి."

నేను కడిగాను. రత్నం గోడవంక చూస్తూనే "మూల ఒగ్గేసినావేమో సూడు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేనే అడిగాను.

"ఈ కారంటే నీకు పడదు గదే? సిన్నిల్లు అంటావు."

"అంటాను. అంటే తుక్కుకి ఇచ్చీమన్నానా? ఇది పోతే నువ్వు రోజల్లా ఇంట్లోనే ఉంటావు. నా మిక్సీ ఇప్పుతావు, నా కుక్కరు ఇప్పుతావు. ఇదుండాల మావా." తలెత్తి పైకి చూసి, "ఆ కప్పు తీసి తోలు, గాలి తగల్నీ. అటు తువాస్ దాకా పోనీ" అంది.

కప్పు తీశాను. ఆవిడ కొంగు గాలికెగిరి నా ముఖం మీద పడుతుంటే తుడుచుకుంటూ తువాస్ దాకా వెళ్ళి వచ్చాం. స్టీరింగ్ పెరుగులో గరిటెలాగే తిరిగింది.

కానీ ఒక పని మిగిలి ఉంది. ఆ సెంగ్ షాపు ముందు ఆపాను. అందరి ముందు అన్న మాటని అందరి ముందే వెనక్కి తీసుకుని, కథంతా చెప్పాను. దగ్గుతూ నవ్వాడో, నవ్వుతూ దగ్గాడో తెలియదు, స్టూలు మీంచి పడబోయాడు. తేరుకుని, "ఆంటీని ఒక్కటి అడుగు" అన్నాడు. "ఆ కారు మీద ఎవరి కన్ను పడిందని ఆమె అనుమానం?"

నాకూ అదే తెలుసుకోవాలని ఉంది. పక్కింటి హైదరాబాదు అబ్బాయిదేమో, ఆ రోజు నా ఉపన్యాసం విన్న మూడో అంతస్తు ఆయనదేమో అని నాలో నేను లెక్కలు వేసుకుంటూ అడిగాను.

రత్నం వేలు నావైపు చూపించింది.

"ఈయనదే. పొద్దున లేస్తే టార్చి పట్టుకుని దాన్నే రెప్ప ఎయ్యకుండా సూస్తాడు. సాయంత్రం మళ్ళీ సూస్తాడు. ఎదవ కారు, దాన్నంతలా ఇంకెవులు సూస్తారు?"

నేను తర్జుమా చెయ్యకుండా తప్పించుకుందామనుకున్నాను. ఆ సెంగ్‌కి ఆ వేలు చూస్తేనే అర్థమైపోయింది.

"అయితే ఆంటీని నా షాపుకి కూడా పొయ్యమను" అన్నాడు. "ఈ నెలంతా నన్నూ అలాగే చూశాడు."

కాబట్టి చదివేవాళ్ళందరి సాక్షిగా, నీలం కారు బానెట్ మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కారు కింద ఎర్ర మరక కనిపిస్తే స్పానరు ముట్టను, క్లిప్పు బిగించను, ఏ షాపువాణ్ణీ దొంగ అనను. ముందు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, "ఇది కారుదా, నీదా?" అని వినయంగా అడుగుతాను. ఇక కారువంక చూడక తప్పనప్పుడు ఓరగా, ఒక్క క్షణం, మధ్యలో రెప్పలు బాగా కొట్టుకుంటూ చూస్తాను.